మిద్దె మీది దగ్గు

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను ఆత్మకూరు వైపు ఒక చిన్న సర్కారు దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. టీబీ పరీక్షకు మాకున్నది ఒక్క మైక్రోస్కోపు. దగ్గుతో వచ్చినవాళ్లకు డబ్బీ ఇచ్చి తెమడ తెమ్మనేదాన్ని. ఆడవాళ్లు చాలామంది ఉత్త ఉమ్మి తెచ్చేవాళ్లు. ఉమ్మిలో క్రిములు సరిగా దొరకవు.

ఒకనాడు బట్టలు కుట్టుకుని బతికే ఒక ముస్లిం ఆమె వచ్చింది. నెలల తరబడి దగ్గు, సాయంత్రమైతే జ్వరం. జాకెట్టు వదులై భుజం మీంచి జారుతోంది. ఆమె ఇచ్చిందీ ఉమ్మే. పరీక్షలో ఏమీ కనిపించలేదు.

"నాకు నమ్మకం కుదుర్తలేదు. మల్లొకసారి చేద్దాం," అన్నది మా డాక్టరమ్మ.

ఇంకో డబ్బీ ఇస్తే ఆమె వరండాలో కూర్చున్న మగవాళ్ల వైపు చూసి తల దించుకుంది.

"గింతమంది ముంగట ఎట్ల దగ్గాలె మేడం? ఇజ్జత్ పోతది."

ఆమెను దవాఖాన మిద్దె మీదికి తీసుకెళ్లాను. గాలి బాగా వీస్తోంది. నోరు పుక్కిలించమన్నాను.

"నిండ గాలి పీల్చు అక్కా. జరసేపు ఆపి, కడుపులకెళ్లి దగ్గు. నేను అటు తిరుగుత."

నీళ్ల ట్యాంకు వైపు తిరిగి నిలబడ్డాను. మొదట సన్నగా, తర్వాత మిద్దె అదిరేటట్టు దగ్గింది.

ఆ స్లైడుకు రంగు వేసి చూస్తే, నీలం మధ్య సన్నటి ఎర్ర పుల్లల్లా క్రిములు! డాక్టరమ్మను కేకేసి పిలిచాను. చూసి నా వీపు తట్టింది.

సంగతి వినగానే ఆ కుట్టుపని ఆమె ఏడ్చింది. "నా పిల్లలకు అంటుతదా?"

"వాళ్లను గూడ చూస్తం. మందులు ఫుకట్, పైస కట్టేది లేదు. విడువకుంట మింగు, నయమైతది," అన్నది డాక్టరమ్మ.

ఆరు నెలలూ ఆమె ఒక్క పూట మందు కూడా మానలేదు. చివరి పరీక్షలో క్రిమి లేదు. ఆ వారమే మందపాటి గుడ్డ తెచ్చి, మిద్దె మీద ఓ మూలకు తెర కుట్టి కట్టింది.

"ఇగ ఆడోళ్లకు ఫికర్ లేదు మేడం."

నిజమే. ఆ తెర చాటున ఆడవాళ్లు మంచి తెమడ ఇచ్చారు. అంతకుముందు దొరకని జబ్బు దొరకసాగింది. తర్వాత టీబీని పట్టే కొత్త మిషన్ వచ్చినా, దానికీ మంచి తెమడే కావాలి కదా.

పక్క మండలాల డాక్టర్లు చూడడానికి వచ్చారు, తమ దగ్గరా కట్టించుకుంటామన్నారు. ఎవరి ఆలోచన అని అడిగితే డాక్టరమ్మ తెర కుట్టిన ఆమెనూ పిలిపించి, మా ఇద్దరినీ ముందు నిలబెట్టి, "వీళ్లది," అన్నది.

ఇంటికి పోయి, డాక్టరమ్మ అందరి ముందు అన్న మాట బాపుకు చెప్పాను.

"మల్లొకపారి చెప్పు బిడ్డా," అన్నాడు మురిసిపోతూ.

మళ్లీ మొదటి నుంచి చెప్పాను.