మెడ వెనక ఎండ

మే నెల ఎండలో, టేకులపల్లి బస్టాప్‌లో కూర్చుని ముఖానికి సన్‌స్క్రీన్ రాసుకుంటున్నాను. బీడీలు చుట్టే తునికాకు కోసి వచ్చిన ఒక పెద్దమ్మ పక్కన కూర్చుని చూస్తోంది.

“ఏంది బిడ్డా అది?”

“ఎండకు చర్మం కమలకుండా రాసుకుంటారమ్మా.”

అరచేయి చాపింది. తనకూ కావాలేమోనని కొంచెం పిండాను. ఆమె దాన్ని నా మెడ వెనక రాయసాగింది.

“ఒక్కదానివే వచ్చినట్టున్నవ్, ఈడ ఎవరు రాస్తరు నీకు? ఆకు కోయ వంగితే ఎండంతా ఈడనే పడతది. అడవిలకు పొయ్యే ముందు మేం ఒకల మెడకు ఒకలం ఇప్పనూనె రాసుకుంటం.”

ఆ చేయి గరుకుగా ఉంది. చిన్నప్పుడు అమ్మ తలంటిన తర్వాత నా మెడను ఎవరూ అంత నెమ్మదిగా తాకలేదు.

రాయడం అయ్యాక ఆమె అటు తిరిగి కొప్పు పైకెత్తి పట్టుకుంది.

“నాకు మా అక్క రాసేది. ఈ ఏడు అక్క లేదు. నువ్వు రాయి బిడ్డా.”