కింది లైనక్క

ఆ కంటి ఆసుపత్రిలో ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. డాక్టరమ్మ దగ్గర్నుంచి ఊడ్చే మనిషి దాకా అందరికీ ఆమె కింది లైనక్కే. మెట్లెక్కగానే వచ్చే చీకటి గది ఆమెది. ఒక ఎత్తు కుర్చీ, ఎదురు గోడకు లోపల బల్బు వెలిగే అక్షరాల బోర్డు, బల్ల మీద లెన్సుల పెట్టె, కన్ను మూసుకోవడానికి గరిటెలాంటి నల్ల మూత. పొద్దున ఆ గదిలో దూరితే సాయంత్రం దాకా ఆమె నోటి వెంట వచ్చే మాటలు మూడే. "కింది లైను చదవండి." "ఇది బాగుందా, అది బాగుందా?" మూడోది కాస్త గట్టిగా: "ఊహించి చెప్పకండి. కనబడకపోతే కనబడలేదనండి. ఇక్కడెవరూ మిమ్మల్ని ఫెయిల్ చెయ్యరు."

ముప్పయ్యేళ్లుగా అవే మాటలు. ఇంటికి చేరేసరికి కాళ్లు పీకుతుంటాయి, మెడ పట్టేసి ఉంటుంది, గొంతులో తడి ఉండదు. స్కూలు వ్యాను నడిపే భర్త ఒకసారి ఎవరిదో పెళ్లికి వెళ్లేముందు రెండు చొక్కాలు పట్టుకొచ్చి ఏది బాగుందని అడిగితే, "ఏదో ఒకటి తొడుక్కోండి, ఆ ప్రశ్న మాత్రం నన్నడక్కండి" అని చేతులెత్తి దణ్ణం పెట్టింది. ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆమెకు నిజంగానే విసుగు పుట్టింది.

విసుగున్నా పనిలో మాత్రం ఆమెకు వంక పెట్టడానికి లేదు. ముఖ్యంగా దొంగల్ని పట్టుకోవడంలో ఆమె దిట్ట. లైసెన్సు కోసం వచ్చే డ్రైవర్లు బయట బెంచీ మీద కూర్చుని, లోపల ముందువాళ్లు చదివేది విని, కింది లైను కంఠతా పట్టేసేవాళ్లు. కుర్చీ ఎక్కగానే గడగడా అప్పజెప్పేవాళ్లు. "అబ్బో, భలే చూపండీ మీది. ఇప్పుడు అదే లైను చివర్నుంచి ఇటు చదవండి" అనేది. పాపం, వాళ్ల మొహంలో నెత్తురు చుక్క ఉండేది కాదు. కాస్సేపు అలా ఏడిపించి, తర్వాత మంచి అద్దాలు కుదిర్చి పంపేది.

ఊహించి చెప్పేవాళ్లంటే ఆమెకంత మంట ఎందుకో తెలియాలంటే ఆమె నాన్న సంగతి తెలియాలి. ఆయన గడియారాలు బాగుచేసేవాడు. కంటికి భూతద్దం బిగించుకుని గోరంత చక్రాలతో పొద్దంతా గడిపిన మనిషి. ఒక వయసొచ్చాక గడియారాలు వెనక్కి రావడం మొదలైంది. బాగుచేసింది మళ్లీ ఆగిపోయిందని జనం గొడవ. "ఇప్పటి సరుకు నాసిరకం, నా చేతిలో ఏముంది" అనేవాడాయన. చూపెలా ఉందని ఎవరడిగినా, "నా చూపుకేం, దివ్యంగా ఉంది" అనేవాడు. చివరికి ఒకరోజు నడిరోడ్డు మీద బండి కింద పడబోతే ఎవరో పట్టి లాగి ఆసుపత్రికి తెచ్చారు. నీటికాసులన్నారు. కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరాన్ని కొద్దికొద్దిగా తినేసే జబ్బు. నొప్పి పెట్టదు, చెప్పి రాదు. అప్పటికే ఒక కన్ను పోయింది, రెండోది కూడా మందులకు అందనంతగా పోయింది. పోయింది తిరిగి రాదు.

అప్పటికే ఆ ఆసుపత్రిలో పనిచేస్తున్న కూతురికి ఒళ్లు మండిపోయింది. "ఒక్కమాట ముందే చెప్పి ఉంటే రెండో కన్నన్నా దక్కేది కదా నాన్నా! కనబడనప్పుడు కనబడుతోందని ఎందుకన్నావు?" అని ఏడుస్తూ అడిగింది. "కనబడింది కాబట్టే అన్నానమ్మాయ్" అన్నాడాయన. ఆమె నమ్మలేదు. అబద్ధం ఆడి కళ్లు పోగొట్టుకున్నాడని ఆమె లెక్క. ఇన్నేళ్లుగా ఆయన ఆమె ఇంట్లోనే ఉంటున్నాడు. వేళకు అన్నం పెడుతుంది, బట్టలు ఉతుకుతుంది, మందులు చూస్తుంది, కానీ మాట మాత్రం ముక్కుసూటిగా, పొడిపొడిగా ఉంటుంది. ఆయన, వచ్చిన చుట్టాన్ని అడుగుల చప్పుడు బట్టి పోల్చుకుని పలకరించబోతే, "ఊహించి చెప్పకు నాన్నా" అని అందరి ముందూ తుంచేసేది. ఆయన నోరు మూసుకునేవాడు.

ఇక మిషన్ల సంగతి. ఆసుపత్రికి ఒక్కొక్కటే వస్తూనే ఉన్నాయి. గడ్డం ఆనించి దూరంగా బెలూన్ బొమ్మ చూస్తే చాలు, అద్దాల నంబరు కక్కే మిషను ముందు వచ్చింది. తర్వాత కంట్లోకి తుస్సున గాలి కొట్టి ఒత్తిడి చెప్పేది వచ్చింది. గోడ బోర్డుకు బదులుగా ఒక తెర వచ్చింది. దాని మీద అక్షరాలు ప్రతిసారీ మారిపోతాయి, వినొచ్చి అప్పజెప్పడానికి వీలుండదు. డ్రైవర్ల ఆట కట్టించడానికి అంతకన్నా ఏం కావాలి? కానీ అక్క దాని మీద గుడ్డ కప్పి పక్కకు నెట్టేసింది. ఆ వెలుతురుకు తలనొప్పి వస్తుందట. పాత బోర్డయితే చూడకుండానే చేయి సరైన లైను మీదికి వెళుతుంది. పోనీలే, అలవాటైన ప్రాణం అని ఎవరూ బలవంతం చెయ్యలేదు.

ఈమధ్య వచ్చినవి మాత్రం పెద్ద దెబ్బే. ఒకటి కంటి వెనక పొరల్ని కోసి చూపించినట్టు ఫొటో తీస్తుంది. చుక్కల మందు వేసి గంటలు కూర్చోబెట్టే పని లేదు. రెండోది తలకు తగిలించుకునే నల్ల కళ్లజోడు పెట్టె. అందులో ఇక్కడొకటి అక్కడొకటి చిన్న చిన్న వెలుగులు మెరుస్తాయి, మెరిసినప్పుడల్లా బటన్ నొక్కాలి. చూపు ఏ మూల పోయిందో అది పటం గీసి ఇస్తుంది. "ఇంకేం, రేపో మాపో నన్ను కూడా ఆ తెర పక్కన గుడ్డ కప్పి నిలబెడతారు" అని అక్క టీ గదిలో గొణిగింది. టీ కప్పులో పోయబోయి కాస్త బల్ల మీద పోసింది. ఈమధ్య అలా జరుగుతోంది. ఇంట్లో గుమ్మం కూడా ఎడమ భుజానికి తరచూ తగులుతోంది. "ఆ గుమ్మానికి నీ మీద ఏదో పగ ఉంది" అని భర్త వేళాకోళమాడేవాడు. అలసటే అనుకుందామె. ఇంత చాకిరీ చేస్తే ఎవరు మాత్రం తూలరు?

ఆ ఫొటో మిషను బిగించడానికి కంపెనీ మనిషి వచ్చాడు. నెత్తి బట్టతల, మెడలో గుర్తింపు కార్డు, మాట మర్యాదగా ఉంది. "ముందు ఆరోగ్యమైన కన్ను ఎలా ఉంటుందో చూపిస్తానండి. ఎవరైనా కూర్చోండి" అన్నాడు. డాక్టరమ్మ వెంటనే, "ఇంకెవరు, మా అక్క. మా అందరిలోకీ బంగారంలాంటి చూపు ఆవిడదే" అంది. ఏటా సిబ్బందికి జరిగే పరీక్షలో అక్క కింది లైను దాకా తడుముకోకుండా చదువుతుంది మరి. బయట జనం తోసుకుంటుంటే సిబ్బందికి బోర్డు చదివించడమే గొప్ప. నాన్నకు జబ్బని తెలిసిన కొత్తలో, వంశంలో దిగే జబ్బు కదా అని ఒకసారి ఒత్తిడి చూపించుకుంది, బాగానే ఉందన్నారు. ఆ తర్వాత రేపు చూసుకుందాం, ఎల్లుండి చూసుకుందాం అంటూనే ఏళ్లు గడిచిపోయాయి. కంటి ఆసుపత్రిలో పనిచేసే మనిషికి తన కళ్లు చూపించుకునే తీరిక లేకపోయింది.

అక్క గడ్డం ఆనించింది. మిషను చిన్నగా గుర్రుమంది. మిషను తెర మీద కుడి కన్ను ఆకుపచ్చగా, అంటే బాగున్నట్టే వచ్చింది, అంచులో మాత్రం ఒకచోట పసుపు. ఎడమ కన్ను ఎర్రగా, అంటే పాడైనట్టు వచ్చింది. కంపెనీ మనిషి మొహం మాడిపోయింది. "సారీ అండి, దారిలో కుదుపులకు ఏదో కదిలినట్టుంది" అని అద్దం తుడిచి, వైరు ఊడదీసి పెట్టి, మళ్లీ తీశాడు. మళ్లీ ఎరుపే. "ఇంత ఖరీదు పోసి కొన్నది ఇదా!" అని అక్క ఎగతాళి చేసింది. నిజం చెప్పొద్దూ, లోపల ఆమెకు సంబరంగానే ఉంది. డాక్టరమ్మ తనే వెళ్లి కూర్చుంది. ఆమె రెండు కళ్లూ పచ్చగా వచ్చాయి. కంపెనీ మనిషి కూర్చుంటే అతనివీ పచ్చగానే వచ్చాయి. డాక్టరమ్మ అక్క వైపు చూసింది. ఆ చూపును తప్పించుకుని, "బయట పేషెంట్లు కాచుకున్నారు మేడం" అంటూ అక్క తన గదిలోకి వచ్చి తలుపు వేసుకుంది.

నల్ల మూత తీసి కుడి కంటికి పెట్టుకుంది. బోర్డు వైపు తిరిగి కింది లైను చదివింది. టకటకా వచ్చేసింది. హమ్మయ్య అనుకుంది. తర్వాత డ్రైవర్లు గుర్తొచ్చి చివర్నుంచి చదివింది. అలానూ వచ్చేసింది. రావడంలో వింతేముంది? ఇన్నేళ్లుగా ఎదుటివాళ్లను అటునుంచీ ఇటునుంచీ చదివించింది ఆమె కాదూ? ఆ లైను నిద్రలో లేపినా చెబుతుంది. ఆ సంగతి అప్పుడు తట్టింది ఆమెకు. వెళ్లి తెర మీది గుడ్డ లాగేసి బటన్ నొక్కింది.

కొత్త అక్షరాలు వచ్చాయి. కాదు, వచ్చే ఉంటాయి. ఆమె ఎడమ కంటికి మాత్రం బూడిద రంగు మసక తప్ప ఏమీ కనబడలేదు. ఒక్కో లైనూ పైకి, ఇంకా పైకి, పెద్దది, ఇంకా పెద్దది. అన్నిటికన్నా పైనున్న అరచేతంత అక్షరం దగ్గర ఒక అంచు మాత్రం తగిలింది. అది ఏ అక్షరమో ఆమె చెప్పలేకపోయింది.

ఇన్నాళ్లూ చూస్తున్నాననే అనుకుంది. అబద్ధమాడాలని ఒక్కనాడూ అనుకోలేదు. అక్షరం నోటికి రాగానే కంటికి కనబడినట్టే ఉండేది. కుర్చీలో కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భయమేసింది. చెబితే ఈ గదిలో ఇంకొకరు కూర్చుంటారు. చెప్పకపోతే ఆ పసుపు కూడా ఎరుపవుతుంది. ఆ దారి ఎక్కడికి పోతుందో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు, ఆ దారి చివర ఉన్న మనిషికి రోజూ అన్నం కలిపి పెట్టేది ఆమే. అయినా లేచి తెర మీద గుడ్డ కప్పేసింది. తలుపు తీసి తర్వాతి మనిషిని పిలిచింది.

వచ్చింది ఒక ముసలి వడ్రంగి. కుర్చీ ఎక్కి కళ్లు చికిలించి కింది లైను చదవడం మొదలెట్టాడు. మొదటి అక్షరం తప్పు, రెండోది తప్పు, మూడోది చూసుకుని చూసుకుని ఇంకో తప్పు. ఊహించి చెప్పకండి అనాలి ఆమె. ఆ మాట గొంతులోనే ఉండిపోయింది. ఎంతకీ ఏమీ అనకపోయేసరికి ముసలాయనే మూత దించేసి, "లేదు తల్లీ. ఏమీ కనబడట్లేదు. ఊరికే చెబుతున్నాను. కొలత తప్పుతోందని నాలుగిళ్లలో పని మాన్పించారు, ఆ ఉక్రోషం" అన్నాడు.

ఆమె ఆయన్ని కాసేపు కూర్చోమని చెప్పి, నేరుగా డాక్టరమ్మ గదికి వెళ్లింది.

"మిషను మంచిదే మేడం" అంది. "నాకే కనబడట్లేదు."

డాక్టరమ్మ లేచి వచ్చి ఆమె భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. నల్ల పెట్టె తలకు తగిలించింది. ఎక్కడెక్కడో వెలుగులు మెరిశాయి, ఎన్నో కనబడకుండానే మెరిసి పోయినట్టున్నాయి. ఆమె మాత్రం కనబడినప్పుడే నొక్కింది. అంతా అయ్యాక డాక్టరమ్మ, "ఎడమది రాదక్కా. ఆ సంగతి మీకు నేను చెప్పాలా" అంది. "కుడిదానికి ఇప్పుడిప్పుడే మొదలైంది. ఈ రాత్రి నుంచే చుక్కలు వేద్దాం, వదలకుండా వేస్తే నిలబడుతుంది. కుడి కన్ను ఉన్నంతకాలం ఆ గది మీదే. కానీ ఆ పాత బోర్డు మాత్రం తీయించేస్తాను." అక్క తలూపింది. వడ్రంగిని గుర్తు చేసి, ఆయన్ని వేరేవాళ్లెవరైనా చూడమని చెప్పి ఇంటికి బయల్దేరింది.

నాన్న వసారాలో తన కుర్చీలో ఉన్నాడు. "తొందరగా వచ్చావేంటమ్మాయ్?" అన్నాడు. అని, తప్పు మాట్లాడానేమోనని ఆగాడు. రోజూ పక్కనుంచి వంటింట్లోకి వెళ్లిపోయే మనిషి ఆరోజు ఆయన కాళ్ల దగ్గర కింద కూర్చుంది.

"నాన్నా, అప్పుడు నువ్వు అబద్ధం చెప్పలేదు కదూ? నీకు కనబడిందే అనిపించింది కదూ?"

ఆయన ఆమె గొంతు వినబడిన వైపు మొహం తిప్పాడు. తర్వాత మెల్లగా, "ఏ కన్నే?" అన్నాడు.

"ఎడమది."

"రెండోది?"

"ఉంది నాన్నా. మందు వేస్తే నిలుస్తుందట."

ఆయన చేయి చాచి తడిమాడు. నుదురు దొరికింది, కనుబొమ్మ దొరికింది, అరచెయ్యి ఆమె ఎడమ కంటి మీద మెత్తగా కప్పాడు.

"నేను కనబడుతున్నానా?"

"కనబడుతున్నావు నాన్నా."

"ఊహించి చెప్పకు" అన్నాడాయన.

ఆమెకు ఏడుపొచ్చింది. కుడి కన్ను తుడుచుకుని, ఎన్నాళ్లకో ఆయన్ని తేరిపార చూసింది. "గడ్డం కింద నాలుగు వెంట్రుకలు గీసుకోకుండా వదిలేశావు. చొక్కా గుండీలు ఒకటి ఎగువకు పెట్టావు. మెడ దగ్గర టీ మరక ఉంది. నువ్వు కూడా ఏడుస్తున్నావు."

"సరే అయితే" అన్నాడాయన, చెయ్యి తీయకుండానే. "కనబడుతోందన్నమాట."