రెండూ ఎడమ చేతులే

తాజ్ మొహమ్మద్ ముప్పై ఏళ్లు తాండూరులో బోర్డులు రాశాడు. కంది మిల్లుల పేర్లు, నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ల గోడలు, లారీల వెనక నెమళ్లు, అన్నీ ఆయన చేతివే. ఫ్లెక్సీలొచ్చాక ఆయన్ని పిలిచేవాళ్లు లేకపోయారు. భార్య పోయి నాలుగేళ్లు. కూతురు నూరీన్ గుల్బర్గాలో కాపురముంటోంది. పండగలకు ఫోన్ చేస్తుంది.

ఆ రోజుల్లో రెబెక్క టీచర్ బడి గోడకు బొమ్మ వెయ్యమని కబురు పెట్టింది. ఆయన ఎండిపోయిన బ్రష్షులు నానబెట్టుకుని ఉత్సాహంగా వెళ్లాడు. ఆమె చేతికిచ్చింది ఒక బొమ్మల పుస్తకం. అందులో వీరుడు బొంగరం బుజ్జి. పిల్లల సంచుల మీద, బనీన్ల మీద ఎక్కడ చూసినా వాడే.

తాజ్ పుస్తకం ఇంటికి తెచ్చి పేజీ పేజీ చూశాడు. చూసేకొద్దీ ఒళ్లు మండింది. వీరుడికి రెండూ ఎడమ చేతులే. మోచేయి వెనక్కి విరిగినట్టుంది. పాదాలు గీయడం చేతకాక ప్రతి బొమ్మలోనూ కాళ్ల కింద దుమ్ము లేపారు. తల్లికీ, దొంగకీ, రాజుకీ ఒకటే మొహం, జుట్టు తేడా అంతే.

గోడ మీద ఆయన బుజ్జిని సరిదిద్ది గీశాడు. మూడు రోజులు పట్టింది. పిల్లలు చుట్టూ చేరి, వీడు బుజ్జి కాదన్నారు. టీచర్ నొచ్చుకుంటూనే చెప్పింది.

"జర పుస్తకంల ఉన్నట్టే వెయ్యండి తాజ్ భాయ్. వాళ్ల బొమ్మ వాళ్లకు గావాలె గద."

ఆ చేయి తప్పని ఆయన వేలు పెట్టి చూపించాడు. ఆమె పుస్తకం అటూ ఇటూ తిప్పింది. ఏమీ కనపడలేదు. కిరాణా కొట్టతనికి చూపించాడు, మసీదు దగ్గర రోజూ కలిసే అజహరుద్దీన్‌కు చూపించాడు. బాగానే ఉంది కదా అన్నారిద్దరూ.

ఆదివారం రైలెక్కి వికారాబాద్ పోయాడు. ఒకప్పుడు తనతో కలిసి సినిమా బ్యానర్లు గీసిన వెంకటేశం అక్కడుంటాడు. చక్కెర జబ్బుతో అతని చూపు పోయి ఏడాదైందని తాజ్‌కు గుమ్మంలోనే తెలిసింది. పుస్తకం సంచిలోంచి తీయలేదు.

టీ తాగాక మనసు పట్టలేక మాటల్లో చెప్పబోయాడు. వెంకటేశం అరచేయి చాపాడు.

"చెప్పుడు గాదు భాయ్, గీయి."

తాజ్ వేలితో ఆ అరచేతిలో భుజం గీశాడు, మోచేయి గీశాడు, మణికట్టు, బొటనవేలు. వెంకటేశం నుదురు ముడతలు పడింది.

"గిదేం మోచేయి? ఉల్టా పోయింది. బొటనవేలు గూడ గట్లనే."

తాజ్ ఆ చేతిని వదలకుండా, "నీ ఒక్కనికే తెలిసింది" అన్నాడు.

రైలు వేళయ్యేదాకా ఇద్దరూ ఒకరి అరచేతిలో ఒకరు పాత బ్యానర్లు గీసుకుంటూ కూర్చున్నారు.

సోమవారం ఆయన తన బొమ్మ మీద తెల్ల సున్నం కొట్టి, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దింపాడు. పిల్లలు గంతులేశారు. కింద పేరు రాసుకోమని టీచర్ అంది. వద్దన్నాడు. బ్రష్షులు కడుక్కుని, ఎండలో నడిచి ఇల్లు చేరి, ఒక్కడికి సరిపడా బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాడు.