కూర్చోబెట్టి తీసిన కొలత

కుట్టు నేర్చుకునేవాళ్లంతా ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, ఈ ఏసీ మోతలో నా గొంతు అంత దూరం రాదు. నా ఒళ్లో ఉన్న ఈ నల్ల రెగ్జిన్ మెత్త కారు సీటుది, వీపు ఆనించే భాగం. దీని కుట్లు విప్పుతూనే చెబుతాను. పొద్దున ఒక డ్రైవరు తెచ్చి, కారు కొన్నాయన లావు మనిషని, లోపల స్పాంజి తీసి పలచన చేయాలని చెప్పి వెళ్లాడు. ఇది నా చేతి కుట్టేనని అతనికి తెలియదు. నేనూ చెప్పలేదు.

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే ఈ పేటలో, ఈ విల్లాలోనే ఒక గదిలో మేము, వెనక గదిలో అన్న ఉండేవాళ్లం. తోడబుట్టినవాడు కాదు. మా పక్క ఊరివాడు, మా ఆయనకు వీసా ఇప్పించి ఇక్కడికి తెచ్చినవాడు. ఎడారి అవతల నూనె బావులుండే దుఖాన్‌లో ఏళ్ల తరబడి మెకానిక్ పని చేశాడు. అక్కడి తెల్ల ఆఫీసరొకడు దేశం విడిచిపోతూ అన్నకు ఒక కారు ఇచ్చిపోయాడు. కారంటే కారు కాదు, చెక్కపెట్టెల్లో ముక్కలు. మనమే బిగించుకోవాలి. శుక్రవారం వచ్చిందంటే వెనక రేకుల షెడ్డు కింద అన్న, మా ఆయన నూనె చేతులతో అదే పని. గల్ఫంతా దుబాయే అనుకునే ఊరివాళ్లు ఫోన్ చేసి, "దుబాయ్‌ల కారు కొన్నవట గద!" అంటే, "కొనలేదే, అతుకుతున్న" అని నవ్వేవాడు.

అన్నీ బిగించి సీటు ఒక్కటే మిగిలేసరికి అన్న కడుపులో గడ్డ ఉందని తేలింది. ఇంటికి పంపేందుకు కంపెనీ కాగితాలు మొదలుపెట్టింది. "పోయేలోపు ఒక్కసారి దుఖాన్ దాకా నేనే నడపాలె చెల్లె. నా కాలుతోటి క్లచ్ తొక్కాలె," అన్నాడు. ఇంకేమీ అడగలేదు.

ఆ కారు సీటు ముందుకూ వెనక్కీ జరగదు. ఎక్కడ చిల్లు పెట్టి బోల్టు బిగిస్తే అక్కడే. కొలత తీయమని నన్ను పిలిచారు. మూడో తరగతితో బడి మానేసినా, నేను కుట్టిన ప్రతి జాకెట్టు కొలతా నా తలలోనే ఉంటుంది, రాసుకోను. ఆ గర్వంతో, ప్యాంటుకు కొలిచినట్టే అన్నను గోడకు నిలబెట్టి నడుము నుంచి మడమ దాకా కొలిచాను. ఆ లెక్కన సీటు పెట్టి చూస్తే, కాలు కర్రలా చాచినా క్లచ్ సగమే దిగింది.

"నీ కొలతకు అన్న పండుకొని నడపాలె," అన్నాడు మా ఆయన. అన్న దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నాకు సిగ్గేసింది. ఇన్నేళ్లూ నిలబడ్డ మనుషులనే కొలిచాను, కూర్చుంటే మనిషి వేరని నాకు తట్టనే లేదు.

రెండోసారి బియ్యం సంచుల్లో ఇసుక నింపి, వాటినే సీటులా పేర్చి అన్నను కూర్చోబెట్టాం. వీపు ఆనించే ఉండాలి, మణికట్టు స్టీరింగు పైన ఆనాలి, క్లచ్ అడుగుదాకా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. ఒక్కో గుప్పెడు ఇసుక తీస్తూ, పోస్తూ పోయాం. "ఆగు... ఇంకింత... ఖలాస్!" అని అన్న అరిచాడు. ఇక చాలు, కుదిరిందని ఇక్కడి అరబ్బీ మాట. సుద్దతో గీత గీశాను, మా ఆయన చిల్లు పెట్టాడు, స్పాంజి నింపి ఈ మెత్త నేను కుట్టాను.

మళ్లీ శుక్రవారానికి కాలు అందలేదు. మా ఆయన బోల్టులు తిట్టుకుంటూ కూర్చున్నాడు. నేను ప్యాంటు కుడతానని వంక పెట్టి అన్న నడుముకు టేపు చుట్టాను. నా తలలో ఉన్న అతని పాత ప్యాంటు కొలతకు నాలుగు వేళ్లు తగ్గింది. "కొత్త స్పాంజి గద అన్నా, అణిగింది," అని వీపు వెనక ఒక పొర వేసి కుట్టాను. తరువాతి వారం ఇంకొకటి. ఆ తరువాత ఇంకొకటి. అబద్ధం మాత్రం అదే.

నాలుగోసారి, మా ఆయన చాయ్ కోసం లోపలికి వెళ్లగానే అన్న మెల్లగా అన్నాడు: "స్పాంజి అణగలే చెల్లె, నేనే అణుగుతున్న. నాకెరుకే. ఎయ్యి, ఇంకొకటి ఎయ్యి." నాలుగో పొర కత్తిరించాను. సూదిలో దారం ఎక్కించడానికే ఎంతోసేపు పట్టింది.

విమానం ఎక్కే ముందు శుక్రవారం పొద్దున నడిపాడు. రోడ్డెక్కడానికి కారుకు కాగితాలు లేవు, కాబట్టి షెడ్డు నుంచి గేటు దాకా. దుఖాన్ దాకా పోతానన్న మనిషి ఇరవై అడుగులు పోయి ఆగాడు. రెండోసారి క్లచ్ తొక్కబోతే కాలు వణికింది, ఇంజను ఆగిపోయింది. చేతులు స్టీరింగు మీదే పెట్టుకుని, "సీటు మంచిగ కుదిరింది చెల్లె," అన్నాడు. మా ఆయన అతన్ని ఎత్తుకుని లోపలికి తెచ్చాడు. చంటిపిల్లను ఎత్తినంత తేలిగ్గా ఎత్తాడు, అది చూడలేక నేను గదిలోకి వెళ్లిపోయాను. ఊరు చేరిన నెలలోపే కబురు వచ్చింది. కారును గ్యారేజీవాళ్లు అమ్మకానికి తీసుకుపోయారు.

ఇదిగో, నాలుగు పొరలూ తీసేశాను. మెత్త ఇప్పుడు అన్న "ఖలాస్" అని అరిచిన నాటి కొలతకు వచ్చింది. కుట్లు విప్పితే కాలం వెనక్కి వచ్చినట్టే ఉంది, అందులో కూర్చునే మనిషే రాలేదు.

చీకటి పడకముందే ఇళ్లకు చేరండి తల్లులూ. మీ ఇంటివాళ్లకు తీసే ప్రతి కొలతా ఏడాదికేడాది పెరగాలి గాని, ఒక్క వేలెడు కూడా తగ్గకూడదు.