పెడల్ కింద కాగితం

ఒక కాగితం ముక్క ఎంత బరువుంటుంది? నేను ముప్పై ఏళ్లకు పైగా మోస్తున్నాను. నిజానికి రెండు ముక్కలు. ఒకే ఒడియా పేపరును సగానికి చించిన ముక్కలు. ఈ సంగతి మా ఆవిడకు చెప్పలేదు. మా మావయ్యకు ఆయన పోయేదాకా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కనుక మీకు చెబుతున్నాను. మధ్యలో ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు కనిపిస్తే నమ్మకండి.

మాది బరంపురం. ఛత్రపూర్ వెళ్లే రోడ్డు పక్కన మా మావయ్యకు కార్ల షెడ్డు ఉండేది. మా అమ్మకు సొంత తమ్ముడు. ఊరందరికీ మిస్త్రీ, అంటే పెద్ద మెకానిక్కు; నాకు మావయ్య. నేను ఆయన దగ్గర పదేళ్లు పనిచేశాక దండాసి అనే కుర్రాడు పనికి వచ్చాడు. సముద్రం పక్క గంజాం వాడు. అన్నలిద్దరూ పడవ మీద చేపల వేటకు వెళ్లేవారు. వీడికి మాత్రం ఇంజన్ల పిచ్చి. నాకన్నా నాలుగేళ్లు చిన్న, నన్ను అన్నా అనేవాడు. ఏ స్పానరు దేనికి పడుతుందో వాడికి నేర్పింది నేనే.

రెండేళ్లు తిరిగేసరికి వాడు నన్ను దాటిపోయాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకునేవాడు. కళ్లు తెరిచి ఎక్కడ తేడా ఉందో చెప్పేవాడు. అక్కడే ఉండేది. బండ్లవాళ్లు గేటు దగ్గరే ఆగి "దండాసి ఉన్నాడా?" అని అడిగి లోపలికి వచ్చేవారు. ఉన్నాడని నేనే చెప్పేవాణ్ణి. మావయ్య ఒకరోజు భోజనాల దగ్గర నవ్వుతూ అన్నాడు: "సేతులు నీకున్నాయిరా, సెవి ఆడికున్నాది." మేనల్లుణ్ణి ఆటపట్టించడానికే అన్నాడు. నేను సగం అన్నం వదిలి లేచి చెయ్యి కడుక్కున్నాను.

అసూయ అని ఇప్పుడు తేలిగ్గా రాసేస్తున్నాను. అప్పుడు దానికి వేరే పేర్లు పెట్టుకున్నాను. వాడికి పొగరెక్కిందనుకున్నాను, లేదు. మావయ్యను బుట్టలో వేసుకున్నాడనుకున్నాను, అదీ లేదు. వాడు బండి కింద దూరినప్పుడు, ఈసారైనా తప్పు చెబుతాడేమోనని పని ఆపి చూసేవాణ్ణి. ప్రతిసారీ సరిగ్గానే చెప్పేవాడు. వాడి మీద కోపం రావడానికి వాడు చేసిన తప్పు ఒక్కటీ దొరకకపోవడమే నన్ను ఎక్కువ కాల్చింది.

ఆ ఏడాది మావయ్యకు చేతులు వణకడం మొదలైంది. విశ్వకర్మ పూజ నాడు పనిముట్లన్నీ కడిగి, బొట్లు పెట్టి, మిస్త్రీ పూజకు కూర్చోవడం మా షెడ్డులో ఆనవాయితీ. "ఈ పాలి పూజకి నాను కూకోను. మీ ఇద్దర్లో ఒకడు కూకుంటాడు. ఆడే ఇకమీద మిస్త్రీ" అన్నాడు. ఎవరన్నది చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది? అందరికీ తెలుసు. నాకు అందరికన్నా బాగా తెలుసు.

పూజ ఇంకా మూడు వారాలుందనగా ప్లీడరు గారి కారు వచ్చింది. ఆయన రోజూ ఛత్రపూర్ కోర్టుకు దానిలోనే వెళ్లేవారు. అప్పట్లో మాకు ఎక్కువగా వచ్చేవి వైరు క్లచ్ బండ్లు. ఇది ఆయిల్ క్లచ్. పెడల్ తొక్కితే పై సిలిండరులోని ఆయిల్ సన్నటి పైపులోంచి దిగి, గేరుబాక్సు పక్కనున్న కింది సిలిండరును తోస్తుంది. అప్పుడు క్లచ్ విడుతుంది. ఆయిల్ ఎక్కడ కారినా పెడల్ పట్టు పోతుంది. ప్లీడరు గారి పెడల్ ఒక్కసారిగా నేలకు అంటుకుపోతోంది. మూడు నాలుగుసార్లు తొక్కితే గాని నిలబడటం లేదు.

దండాసి కింది సిలిండరు దగ్గర తడి చూశాడు. రబ్బరు వాషర్లు మార్చాడు. రెండు రోజులకు బండి మళ్లీ వచ్చింది. పై సిలిండరుకు ఆయిల్ పోసే డబ్బాలో మట్టం తగ్గింది. పైన కూడా కారుతోందేమోనని వాడికి అనుమానం వచ్చింది. అలాంటప్పుడు మా షెడ్డులో ఒక పద్ధతి ఉండేది, మావయ్య పెట్టిందే. సాయంత్రం బండి ఆపాక అనుమానమున్న చోటల్లా కాగితం పరచాలి. పొద్దున్న మరక ఎక్కడుందో చూసి, అక్కడే విప్పాలి. దండాసి ఆ రోజు పేపరును రెండుగా చించి, ఒక ముక్క లోపల పెడల్ కింద, రెండోది బండి కింద సిలిండరుకు సూటిగా పరిచి ఇంటికి వెళ్లాడు.

షెడ్డు తాళం నా దగ్గర ఉండేది. పొద్దున్నే నేనే తీసేవాణ్ణి.

పెడల్ కింద కాగితం తడిసి ఉంది. రూపాయి బిళ్లంత మరక, పక్కనే చిన్న బొట్లు. బండి కింద కాగితం పొడిగా ఉంది. అంటే దండాసి మళ్లీ సరిగ్గానే చెప్పాడు. నేను అక్కడ ఎంతసేపు నిలబడ్డాను? ఏమీ ఆలోచించలేదని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఆలోచించాను. వాడు వస్తాడని గేటు వైపు చూశాను కూడా. తర్వాత తడి కాగితం తీసి కింద పెట్టాను. పొడి కాగితం తెచ్చి పైన పెట్టాను. తడిగుడ్డతో పెడల్ రాడ్డును తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ తుడిచాను. గుడ్డ పడేసి చేతులు కడుక్కుని, అగరొత్తి వెలిగించాను. దేవుడి పటం ముందు నా చేతులు ఎప్పటిలాగే ఉన్నాయి.

దండాసి వచ్చాడు. రెండు కాగితాలనూ తిప్పి చూశాడు. రాడ్డు మీద, పైపు వెంట వేలు పెట్టి తడిమి, వేలు చూసుకున్నాడు. కింది సిలిండరు విప్పాడు. తాను వేసిన కొత్త రబ్బరు చెక్కు చెదరలేదు. అయినా మార్చాడు. తన అనుమానాన్ని కాదని కాగితాన్ని నమ్మాడు. మావయ్య పద్ధతి కదా మరి.

బండి వెళ్లింది. మూడో రోజు రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు, ప్లీడరు గారు గేరులో ఉంచి క్లచ్ తొక్కి పట్టుకున్నారట. కాలి కింద పెడల్ మెత్తబడి, బండి ఒక్క దూకు దూకి గేటు కర్రకు తగిలి ఆగిపోయింది. రైలు వస్తోంది. కర్ర విరిగి ఉంటే? ఈ ప్రశ్న నేను అప్పుడు వేసుకోలేదు. ఆయన చెబుతుంటే ఆయన మొహం చూడలేదు, దండాసి మొహం చూశాను.

మావయ్య అందరి ముందూ వాణ్ణి కడిగేశాడు. "సెవి సెవి అని నెత్తికెక్కించుకున్నాను. మనిషి పేనం పోయీదిరా" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఒరే, నువ్వు సూడు" అన్నాడు. రెండేళ్లుగా ఆ పిలుపు కోసమే చెవులు రిక్కించుకుని ఉన్నాను. నాకు సంతోషం వేసింది. అదీ దాచను.

తెలిసినదాన్ని ఒక గంటసేపు వెతికినట్టు నటించాను. అక్కడా ఇక్కడా తట్టి చూసి, చివరికి పై సిలిండరు విప్పి, అరిగిపోయిన రబ్బరును నలుగురికీ చూపించాను. కొత్తది వేశాను. ఇక పైపులో చేరిన గాలి తీయాలి. దానికి ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే, ఇంకొకరు కింది సిలిండరుకుండే నిపుల్ అనే చిన్న మరను వదులు చేసి గాలి పోనిచ్చి, మళ్లీ బిగించాలి. దండాసి ఎవరూ చెప్పకుండానే వచ్చి పెడల్ దగ్గర కూర్చున్నాడు. నేను బండి కింద పడుకున్నాను. వాడి మొహం నాకు కనిపించదు. ఆ మాటలు మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"తొక్కు."

"తొక్కినాను."

"పట్టుకో... ఇప్పుడొదులు."

"అన్నా, ఒక మాట. పైన కారితే కింద కాయితం ఎలాగ తడిసినాది?"

నిపుల్ దగ్గర చేరిన నురగను గుడ్డతో తుడిచాను.

"పైపెంట దిగుంటాది."

"పైపు తడిమి సూసినాను కదా. పొడిగున్నాది."

"సరిగ్గా సూడనేదేమో."

పెడల్ మీద వాడి కాలు ఒకసారి కదిలిన చప్పుడైంది. తర్వాత "హఉ" అన్నాడు. ఒడియాలో సరేనని. "అయ్యుంటాదన్నా. నానే సరిగ్గా సూడనేదు. తొక్కమంటావేటి?"

కాగితాలు మార్చింది ఒక తప్పు. ఇన్నేళ్లూ నన్ను తింటున్నది మాత్రం ఈ రెండోది. వాడి కన్ను సరిగ్గానే చూసింది, వాడి వేలు సరిగ్గానే తడిమింది. అవి తప్పని వాడి నోటితోనే అనిపించాను.

పూజకు నేనే కూర్చున్నాను. దండాసి పనిముట్లన్నీ కడిగి, తుడిచి, వరసగా పేర్చి ఇచ్చాడు. నేను బొట్లు పెట్టాను. ఆ తర్వాత వాడు మూడు నెలలే ఉన్నాడు. తెలిసిన పనికి కూడా "అన్నా, ఒక పాలి నువ్వూ సూడవా, నాకు సరిగ్గా అగుపడతన్నాదో నేదో" అని నా దగ్గరికి వచ్చేవాడు. స్క్రూడ్రైవరును చెవికి పెట్టుకోవడం మానేశాడు. మొదటి రెండుసార్లు నాకు గర్వంగా ఉంది. తర్వాత భయం వేసింది. ఉండమని ఒక్క మాట అన్నానా? అనలేదు. గంజాం వెళ్లిపోయి అన్నల పడవ ఎక్కాడు.

చాలా ఏళ్ల తర్వాత మా ఊరి బడా బజార్లో కనిపించాడు. వలతాడు కొంటున్నాడు. తల నెరిసింది. నన్ను చూసి ఎంత సంతోషపడ్డాడో చెప్పలేను. నా షెడ్డు గురించి, మావయ్య గురించి అడిగాడు. టీ తాగుతుంటే, ఉన్నట్టుండి అన్నాడు: "అన్నా, ఆ పైపు ఇసయం నాకు ఇప్పటికీ బోదపడనేదు." ఎగతాళి లేదు, అనుమానం లేదు. పడవ మీద కూర్చుని ఇన్నేళ్లూ ఆ పైపునే మనసులో తడిమి చూసుకున్నాడు. అప్పుడైనా చెప్పాల్సింది. "పాత సంగతులెందుకురా" అని ఇంకో టీ చెప్పాను.

అప్పుడు కూడా నాకు సిగ్గుకన్నా ముందు కలిగింది అసూయే. ఇన్నేళ్ల తర్వాత కూడా వీడు వదలడం లేదే, నేనైతే ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి అనుకున్నాను. ఆ చెవి నాకు ఎప్పటికీ రాలేదు. మిస్త్రీ అనే పిలుపు వచ్చింది.

ఇప్పుడు షెడ్డు లేదు. దండాసి ఉన్నాడు, గంజాంలోనే. బస్సెక్కితే గంట ప్రయాణం. ఇదంతా రాశాక గుండె కొంచెం తేలికైంది, నిజం. ఆ తేలికకు నాకు హక్కుందో లేదో తెలియదు.

ఇంకొక్కటి కూడా చెప్పేస్తాను. దండాసికి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. వాడి బడి చదువంతా ఒడియాలోనే. ఇది తెలుగులో మొదలుపెట్టినప్పుడు ఆ సంగతి నాకు తట్టలేదని మీతో చెబుదామనుకున్నాను. తట్టింది. అందుకే తెలుగులో రాశాను.

నాకు ఒడియా రాయడం బాగానే వచ్చు.