మూడుంపావు జీబీ

ఈ రోజు పొద్దున నేనొక తప్పు చేశాను. ప్రింటర్ పనిచేయడం లేదని మా చిన్నమ్మాయి కొత్త ల్యాప్‌టాప్ తెచ్చి, ఏ ప్రాసెసర్‌కు సరిపోయే డ్రైవర్ దించుకోవాలని అడిగింది. కళ్లద్దాలైనా పెట్టుకోకుండా చెప్పేశాను. అది ఎక్కలేదు. నువ్వే ఏదో చెడగొట్టావని పిల్ల మీద అరిచాను. తను సెట్టింగులు తెరిచి 'సిస్టమ్ టైప్' అన్న వరుస మీద వేలు పెట్టింది. నేను చెప్పింది వేరే రకం. చిన్నబోయిన ఆ ముఖం చూడగానే దిల్‌సుఖ్‌నగర్ గుర్తుకొచ్చింది.

తెలంగాణ ఉద్యమం నడిచే రోజుల్లో అక్కడ నాకొక నెట్ సెంటర్ ఉండేది. మిషన్లు బిగించేది ఎల్బీ నగర్‌లో కిరాయికుండే ఒక గుంటూరాయన. నన్ను అన్నయ్యా అనేవాడు, మా ఆవిడ చేసిన సర్వపిండి రెండో ముక్క కూడా అడిగి తినేవాడు. మాది పోచంపల్లి వైపు నేతిల్లు. మా నాయన నూలు తూచి ఇచ్చి బట్ట తూచి తీసుకునేవాడు. తూకం తగ్గిందంటే నేసినవాడు నూలు దాచుకున్నట్టే. ఆ తక్కెడ పట్టుకునే నేను కంప్యూటర్ల దాకా వచ్చాను.

ఒక బంద్ నాడు షట్టర్ సగం దించి, ఆయన బిగించిన కొత్త మిషన్ చూస్తున్నాను. నాలుగు జీబీ మెమరీ వేయమంటే తెర మీద మూడుంపావే ఉంది. బయట రాళ్లు పడుతున్నాయి, పొగకు కళ్లు మండుతున్నాయి.

"మిగతాది ఏడ పెట్టినవ్?"

"వేసింది నాలుగేనన్నయ్యా. ఈ విండోస్ ముప్పై రెండు బిట్లది, మొత్తం చూపించదు. ఒక్క కమాండ్ కొట్టి చూపిస్తాను, ఆగండి."

ఆయన కమాండ్ కొట్టి ఎంటర్ నొక్కేలోపే కీబోర్డు లాక్కుని ముఖం మీద బాదాను. మీటలు రాలాయి, పెదవి చీలింది. "మా సొమ్ము ఎత్తుకపోవుడు మీకు అలవాటే. దొంగ." రోడ్డుకు వినపడాలనే అన్నాను. వినపడింది. బంద్ చేయిస్తున్నవాళ్లు నలుగురు దూరి ఆయన్ను ఈడ్చి కర్రలతో కొట్టారు. కింద పడ్డ ఆయన కుడిచేతి మీదికి ఒకడు షట్టర్ గుంజాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. ఒక్క మాటతో ఆపగలిగేవాణ్ణి. గోడకానుకుని నిలబడ్డాను.

పోలీసుల లాఠీలు రాగానే వాళ్లు పారిపోయారు. పక్కన జిరాక్స్ దుకాణం నడిపే అక్క ఆయన్ను దవాఖానకు తీసుకెళ్లింది. నేను ఇంకో కీబోర్డు తగిలించి, ఆయన కొట్టి వదిలిన కమాండ్ మీద ఎంటర్ నొక్కాను. సిస్టమ్ టైప్: ఎక్స్86. ముప్పై రెండు బిట్లదే. డబ్బా విప్పితే రెండేసి జీబీల మెమరీ ముక్కలు రెండూ ఉన్నాయి.

నేను దవాఖానకు వెళ్తే ఆయన తన చెయ్యి మాటే ఎత్తలేదు.

"దొంగనన్నారుగా సార్. ఇక ఈ గల్లీలో నాకు మిషన్ ఎవరిస్తారు?"

మర్నాడు దుకాణం దుకాణం తిరిగి, ఆయన దొంగ కాదని, చూడకుండా కొట్టింది నేనేనని చెప్పాను. జిరాక్స్ అక్క కాగితాల మీంచి తలెత్తలేదు. "గా ముచ్చట నిన్ననే చెప్తే చెయ్యి దక్కుతుండె గద."

కట్టు విప్పేదాకా నా సెంటర్లోనే ఆయన కుర్చీలో కూర్చుని చెబుతుంటే స్క్రూలు నేను తిప్పాను. ఎముక అతకడానికి ఆరు వారాలు చాలాయి. నేనన్న ఆ ఒక్క మాట గల్లీలో అరిగిపోవడానికి రెండేళ్లు పట్టింది.