జులపాలుకి జుట్టు ఊడింది

మా ఆయనకి ఒక సెలూన్ ఉంది. రెండు కుర్చీలు, గోడంత అద్దం, గుమ్మం పక్కన గోనెపట్టా మీద జులపాలు. జులపాలంటే మా కుక్క. కళ్ల మీదికి పడే జుట్టుతో మా ఇంటికొచ్చింది కాబట్టి ఆ పేరు. ఆయనకి మాట తక్కువ, చెయ్యి తేలిక, కుక్క ప్రాణం. గంటకోసారి దాని నోట్లో ఓ బిస్కెట్టు పెట్టకపోతే తోచదు. గడ్డానికొచ్చినవాళ్లు ఒకటి, క్రాపుకొచ్చినవాళ్లు ఇంకొకటి. ఇంటికొచ్చాక పాలల్లో బ్రెడ్డు. ఇదీ మహారాణిగారి భోజనం.

అలాంటి జులపాలుకి జుట్టు ఊడటం మొదలైంది. ముందు తోక, తర్వాత నడుము, చివరికి వీపంతా బోడి. సొంత కుక్కకే బట్టతల తెప్పించాడని కుర్చీలో కూర్చున్నవాళ్లు ఆటపట్టించారు. ఆయన నవ్వలేదు. అలమరలో ఉన్న తలనూనెలన్నీ ఒకదాని తర్వాత ఒకటి దాని ఒంటికి పట్టించాడు. మంగలి బుద్ధి మరి, ఇంకేం తోస్తుంది! అది నూనెంతా నాకేసి, వాంతులు చేసుకుని, లేవలేక పడిపోయింది. ఇక దక్కదేమోనని ఈయన ముద్ద ముట్టడం మానేశాడు. నాకు ఒళ్లు మండింది, అంతకు మించి భయం వేసింది. కుక్కని చంకనేసుకుని, మనిషిని ముందు నడిపించుకుంటూ పశువుల ఆసుపత్రికి వెళ్లాను.

డాక్టరమ్మ వాంతులకి సూది వేసింది. చర్మం కాస్త గీకి పరీక్ష చేసి, గజ్జి కాదంది. రోజూ ఏం పెడుతున్నారని అడిగింది. ఆయన సగం చెప్పాడు, మిగతా సగం నేను చెప్పాను.

"జుట్టు నూనెతో రాదండీ, తిండితో వస్తుంది," అందావిడ. "మీరు దాని కడుపు నింపుతున్నారు గానీ ఒంటికి పట్టేదేమీ పెట్టట్లేదు."

ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, కాస్త అన్నం, గుమ్మడిముక్కలు, పైన ఆవిడిచ్చిన పొడి. ఉప్పూ కారం వద్దు, ఉల్లిపాయ అసలే వద్దు. పూటకింత అని కొలిచి, రోజుకి రెండు పూటలే. ఇంటికొచ్చి అలాగే వండి పెడితే, జులపాలు గిన్నె వాసన చూసి మూతి తిప్పుకుంది. ఈయన జాలి పొంగి, మెల్లగా జేబులో చెయ్యి పెట్టాడు.

"ఆ చెయ్యి బిస్కెట్టుతో బయటికొచ్చిందో, నేను పుట్టింటికెళ్లిపోతాను, చెప్తున్నా," అన్నాను.

చెయ్యి ఖాళీగానే వచ్చింది. సాయంత్రానికి ఆకలి గెలిచింది, గిన్నె కడిగినట్టయింది. మెల్లగా లేచి తిరగసాగింది గానీ వీపు మాత్రం బోడిగానే ఉంది. ఆయన రోజూ దాన్ని తడిమి చూసుకుని దుకాణానికి వెళ్లేవాడు.

కొన్ని వారాలకి ఓ సెలవునాడు, వీపు నిమురుతున్నవాడు ఉన్నట్టుండి ఆగాడు.

"ఇలా రావే. ఇక్కడ చెయ్యి పెట్టి చూడు."

నా కంటికేమీ ఆనలేదు. వేలు పెడితే సన్నగా గరుకు తగిలింది.

"వస్తోందే. మనకి దక్కిందే," అన్నాడు.

అమ్మయ్య అనుకున్నాను. రోజూ తట్టెడు జుట్టు ఊడ్చి పారబోసే మనిషి, కంటికానని ఆ నూగు మీద చెయ్యి పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నేనూ ఆపుకోలేకపోయాను.